నాలుగంతల లెక్క

(శ్రమదినాలలో, అంటే ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాస దినాలలో, హనుమకొండలో జరిగిన ఒక సాయంకాల కూటంలో, పదవీ విరమణ చేసిన ఒక లెక్కల ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగం ఇది. ఆ సాయంకాలం రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసి పెట్టాము.)

అయ్యలారా, అమ్మలారా, అందరికీ వందనాలు. వెనుక స్తంభాల దగ్గర కూర్చున్నవారికి నా మాట వినబడుతున్నదా? సరే. నేను పాస్టరును కాను, వేదాంత కళాశాలలో చదివినవాడిని కాను. ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు లెక్కలు చెప్పినవాడిని. అందుచేత పాపము, క్షమాపణ అనే ఈ పెద్ద విషయాన్ని నాకు తెలిసిన ఒక్క దారిలోనే, అంటే లెక్కల దారిలోనే, మీ ముందు పెట్టగలను. మీరు నవ్వుతున్నారు గాని, ప్రభువు కూడా ఈ విషయాన్ని చాలాసార్లు లెక్కల భాషలోనే చెప్పాడు.

ప్రభువు ప్రార్థన మనందరికీ నోటికి వచ్చును. "మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము మా ఋణములు క్షమించుము." రోజూ అంటాము. ఋణములు అంటాము. పాపములు అని ఎందుకు లేదక్కడ? లూకా సువార్తలో పాపములు అనే ఉన్నది, కాని అక్కడ కూడా అదే వాక్యంలో "మాకచ్చియున్న ప్రతి వానిని" అని వస్తుంది. అచ్చియుండుట అనేది పాత మాట, బాకీ పడి ఉండుట అని దాని అర్థం. యేసు ప్రభువు మాట్లాడిన అరామిక్ భాషలో అప్పుకూ పాపానికీ ఒకే మాట, 'హోబా' అని. ఆ భాషలో పాపం చేసినవాడు అంటే బాకీ పడినవాడే. ఇప్పుడు నేను మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతాను. ఒక మనిషి తన పక్కింటివాడికి పదివేలు బాకీ ఉండి, ప్రతి రాత్రి మోకాళ్లూని దేవునితో "ఆ పదివేలు మాఫీ చేయుము తండ్రీ" అని కన్నీళ్లతో ప్రార్థిస్తూ, తెల్లవారి ఆ పక్కింటివాడు ఎదురైతే తల తిప్పుకొని పోతున్నాడనుకోండి. అతని ప్రార్థనను మీరేమంటారు? చెప్పండి, ఏమంటారు?

నేను ఏడేళ్లు అటువంటి ప్రార్థన చేసినవాడిని. ఆ సంగతికి తరువాత వస్తాను.

మన తెలుగు బైబిలులో రెండు మాటలున్నాయి. పశ్చాత్తాపము ఒకటి, మారుమనస్సు ఒకటి. రెండింటినీ మనం కలిపి ఒకే మాటలాగా వాడుతాము, కాని మనకు బైబిలును తెలుగు చేసిన పెద్దలు చాలా చోట్ల వాటిని జాగ్రత్తగా వేరుచేసి పెట్టారు. గ్రీకులో 'మెటానోయా' అన్నచోట మారుమనస్సు అని రాశారు, బుద్ధి దిశ మారుట అని దాని భావం. హెబ్రీ ప్రవక్తలు ఇంకా సూటిగా 'షూవ్' అన్నారు, అంటే తిరుగుట, పోయే దారిలో ఆగి వెనక్కి తిరుగుట. పశ్చాత్తాపము అంటే మాటలోనే ఉన్నది, పశ్చాత్ తాపము, తరువాత కలిగే మంట. మంట ఉండవలసినదే, కాని మంట ఒక్కటే మనిషిని ఎక్కడికీ తీసుకొనిపోదు. పొయ్యిమీద చెయ్యి కాలినవాడికి కూడా మంట ఉంటుంది కదా.

ఈ తేడా చూడాలంటే మత్తయి సువార్త 27వ అధ్యాయం తెరవండి. యేసును డబ్బుకు అప్పగించిన శిష్యుడు యూదా ఇస్కరియోతు "పశ్చాత్తాపపడి" అని అక్కడ ఉన్నది. ఇక్కడ కాస్త నిదానంగా చూడండి, ఎందుకంటే యూదా విషయంలో మనం తొందరపడి తీర్పు చెబుతాము. అతడు పాపం ఒప్పుకొన్నాడా, లేదా? ఒప్పుకొన్నాడు, "నేను నిరపరాధరక్తమును అప్పగించి పాపము చేసితిని" అన్నాడు. డబ్బు తిరిగి ఇచ్చాడా, లేదా? ఇచ్చాడు, ముప్పై వెండి నాణెములు, ఒక్కటి తగ్గకుండా. మనలో చాలామంది చేయని రెండు పనులు అతడు చేశాడు. మరి ఎక్కడ తప్పిపోయాడు? నాకు తోచినది చెబుతాను, పెద్దలు దిద్దవచ్చును. అతడు వెళ్లిన గుమ్మం తప్పు. ఎవరితో కలిసి పాపం చేశాడో వారి దగ్గరకు వెళ్లాడు గాని, ఎవరికి చేశాడో వారి వైపు తిరగలేదు. ఆ గుమ్మంలో దొరికిన జవాబు ఏమిటి? "దానితో మాకేమి? నీవే చూచుకొనుము." తాను మోయలేని బరువుతో ఒక మనిషి దేవాలయానికి వస్తే, దేవాలయపు పెద్దలు అన్న మాట అది. సంఘ పెద్దలు కూర్చున్నారు కాబట్టి అంటున్నాను, మన దగ్గరకు అటువంటివాడు వచ్చిన రోజున మనం ఏమన్నామో ఒకసారి గుర్తు చేసుకోవాలి.

యేసును పట్టుకొన్న అదే రాత్రి శిష్యుడు పేతురు కూడా తప్పాడు. బొగ్గుల మంట దగ్గర చలి కాచుకుంటూ మూడుసార్లు ఆయనను ఎరుగనన్నాడు. వెలుపలికి పోయి ఏడ్చాడు. కాని అతడు మిగిలిన పదిమంది శిష్యులను విడిచి ఎక్కడికీ పోలేదు. యోహాను సువార్త 21వ అధ్యాయంలో తీరాన మళ్లీ బొగ్గుల నిప్పులు కనబడతాయి, మళ్లీ మూడుసార్లు, ఈసారి ప్రభువు నోట, ప్రశ్న వినబడుతుంది. "నన్ను ప్రేమించుచున్నావా?" మూడవసారికి పేతురు వ్యసనపడ్డాడని ఉన్నది. మూడుసార్లు అడిగించుకోవడం సుఖమైన పని కాదు.

జక్కయ్య దగ్గరకు

ఇప్పుడు నాకు చాలా ఇష్టమైనవాని దగ్గరకు వస్తాను. సుంకపు గుత్తదారుడు, ధనవంతుడు, పొట్టివాడు, యెరికోలో మేడిచెట్టు ఎక్కినవాడు. ఆదివారపు బడిలో పాటలు పాడించి పాడించి మనం జక్కయ్యను చిన్నపిల్లల కథ చేసిపెట్టాము. అతని మాట ఒకసారి లెక్కల మాస్టరు చెవితో వినండి. "నేనెవనియొద్దనైనను అన్యాయముగా దేనినైనను తీసికొనినయెడల అతనికి నాలుగంతలు మరల చెల్లింతును."

నాలుగంతలు ఎక్కడివి? మోషే ధర్మశాస్త్రం చూడండి. సంఖ్యాకాండము 5వ అధ్యాయం ప్రకారం, తన అంతట తాను తప్పు ఒప్పుకొన్నవాడు అసలు ఇచ్చి, దానిమీద ఐదవ వంతు కలపాలి. అంటే నూరు తీసుకొన్నవాడు 120 ఇవ్వాలి. నిర్గమకాండము 22వ అధ్యాయం ప్రకారం, గొఱ్ఱెను దొంగిలించి కోసినా అమ్మినా దానికి నాలుగు గొఱ్ఱెలు ఇవ్వాలి, అది దొంగకు వేసిన లెక్క. జక్కయ్య తనంతట తాను ఒప్పుకొన్నాడు కాబట్టి న్యాయంగా 120 ఇస్తే చాలు. ఎవరూ అడగలేదు. కాని 400 ఇస్తానన్నాడు. అతడు చట్టంలో తనకు అనుకూలమైన సెక్షను వెతుక్కోలేదు, తన పేరు తానే దొంగల పట్టికలో రాసుకొన్నాడు.

సంఖ్యాకాండములో ఇంకొక చిన్న విషయం ఉన్నది, ఇది కానుకలు లెక్కపెట్టే సహోదరుల కోసం. ఆ సొమ్ము మొదట ఎవరికి పోవాలి? నష్టపోయినవానికి. అతడు లేకపోతే అతని బంధువుకు. బంధువు కూడా లేకపోతే అప్పుడు యాజకునికి. కానుక పెట్టె మూడవ వరుసలో ఉన్నదండి. మనం చాలాసార్లు మొదటి రెండు ఇళ్లు దాటవేసి నేరుగా మూడవ ఇంటికే వస్తున్నాము.

మరి ఎవరి దగ్గర ఎంత తీసుకొన్నాడో గుర్తు లేకపోతే? సుంకరి పని అటువంటిదే, రోజూ వందలమంది దాటే దారి అది. యూదుల ధర్మగ్రంథమైన తాల్ముదులో దీనికి ఒక మాట ఉన్నది. సుంకరులకు పశ్చాత్తాపం కష్టమని చెబుతూనే, గుర్తున్నవారికి తిరిగి ఇవ్వాలని, గుర్తులేనివారి విషయంలో అందరికీ పనికివచ్చే పని చేయాలని, బావులు, కాలువలు తవ్వించాలని అంటుంది. కాకతీయుల చెరువుల కింద పంట తీసే మనకు ఈ మాట ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. జక్కయ్య ఆస్తిలో సగం బీదలకు ఇస్తానన్నది కూడా ఆ గుర్తులేని బాకీల కోసమేనేమో అని నాకు అనిపిస్తుంది.

ఇక్కడ ఎవరికైనా ఒక అనుమానం రావచ్చును. మాస్టారు, మీరు క్షమాపణను కొనుక్కొనే సరుకు చేస్తున్నారు గదా అని. లేదు. వరుస చూడండి. "జక్కయ్యా, త్వరగా దిగుము, నేడు నేను నీ యింట నుండవలసియున్నది" అని ప్రభువు ముందు పిలిచాడు. నాలుగంతల మాట తరువాత వచ్చింది. చెట్టు కింద నిలబడి "మొదట లెక్క తేల్చు, తరువాత భోజనానికి వస్తాను" అని ఆయన అనలేదు. 1517లో మార్టిన్ లూథరు 95 వాదాంశాలు రాసినది ఇటువంటి వ్యాపారం మీదనే, డబ్బు కట్టి పాపపరిహార పత్రాలు తీసుకొనే పద్ధతి మీద. కాని ఆ 95లో మొట్టమొదటిది ఏమిటి? విశ్వాసి జీవితమంతా మారుమనస్సై ఉండాలని ప్రభువు కోరాడని. దేవుని కృపను డబ్బుతో కొనలేము. ఒకరి డబ్బు జేబులో పెట్టుకొని, నాకు కృప దొరికిందని పాడుకోవడం వేరే సంగతి. లూథరుకు వెయ్యేళ్లకు పైగా ముందే అగస్టీను అనే బిషప్పు ఒక ఉత్తరంలో రాశాడు, తీసుకొన్నది తిరిగి ఇవ్వనిదే పాపము క్షమింపబడదని. వెంటనే ఒక మాట కలిపాడు, ఇవ్వగలిగిన స్థితి ఉన్నప్పుడు అని. ఆ చివరి మాట లేకపోతే బీదవాని గతి ఏమిటి?

మన కాజీపేట ఫాతిమా నగరులో కతోలిక సహోదరులు పాపసంకీర్తనానికి, అంటే గురువుతో పాపాలు చెప్పుకోవడానికి, వరుసలో నిలబడితే, మనం, అంటే ప్రొటెస్టెంటులము, దేవునికి నేరుగా చెప్పుకొంటాము, మధ్యలో మనిషి ఎందుకు అంటాము. మంచిదే. కాని ఒక మనిషి చెవిలో నోరు తెరిచి "నేను ఫలానా తప్పు చేశాను" అనడం ఎంత బరువో వారికి తెలుసు. మనలో కొందరికి అరవై ఏళ్లు వచ్చినా తెలియదు. "మీ పాపములను ఒకనితోనొకడు ఒప్పుకొనుడి" అని యాకోబు రాసినది మన బైబిలులో కూడా ఉన్నది.

మనకు సాక్ష్యాలు ఉన్నాయి కదా అంటారేమో. ఉన్నాయి, నేను చాలా విన్నాను. "నేను పూర్వము తాగేవాడిని, ఇంటికి వచ్చి భార్యను కొట్టేవాడిని, ప్రభువు నన్ను క్షమించాడు" అని మైకు పట్టుకొని చెబుతాడు, అందరూ స్తోత్రం అంటారు. ఆ భార్య స్త్రీల వైపు మూడవ వరుసలో కొంగు కప్పుకొని కూర్చొని ఉంటుంది. ఆమెను ఎవరైనా అడిగారా? ఆమె ముందు తల వంచి అడిగిన తరువాత మైకు దగ్గరకు వచ్చాడా, లేక ఆమె దెబ్బలను తన సాక్ష్యానికి సామగ్రి చేసుకొన్నాడా? నాకు కోపం వస్తున్నది, క్షమించండి. నీళ్లు తాగి చెబుతాను.

దావీదు చెప్పిన తీర్పు

యాభై ఒకటవ కీర్తన ఈ దినాలలో రోజూ చదువుతున్నాము. అందులో "నీకు కేవలము నీకే విరోధముగా నేను పాపము చేసియున్నాను" అనే మాట ఉన్నది. ఆ మాట వెనుక దాక్కొనేవారిని నేను చాలామందిని చూశాను, నేను కూడా దాక్కొన్నాను. దేవునికే కదా చేశాను, దేవునికే చెప్పుకొన్నాను, ఇక ఈ మనుష్యులు ఎవరు? అయ్యా, దావీదు రాజు ఎవరి భార్యను చేర్చుకొన్నాడో ఆ ఊరియా ఏమయ్యాడు? దావీదు ఆ కీర్తన పాడే నాటికి ఊరియాను అడగడానికి ఊరియా లేడు, దావీదే చంపించాడు. ఆ "కేవలము" అనే మాటలో నాకు వినబడేది ఆ ఖాళీ స్థలమే. మీరు మీ అన్నదమ్ముడు బ్రతికి ఉండగా, హంటర్ రోడ్డు అవతలి ఇంట్లో ఉండగా, ఆ వచనం వాడుకోకూడదు.

నాతాను ప్రవక్త వచ్చి, ఒక ధనవంతుడు బీదవాని ఒక్కగానొక్క గొఱ్ఱెపిల్లను లాక్కొన్న కథ చెప్పినప్పుడు దావీదు మండిపడి ఏమని తీర్పు చెప్పాడు? ఆ గొఱ్ఱెపిల్లకు ప్రతిగా నాలుగు గొఱ్ఱెపిల్లలు ఇవ్వాలన్నాడు. నాలుగంతలు! చట్టం అతనికి బాగా తెలుసు, అది ఎవరికి వర్తిస్తుందో ఒక్కటే తెలియలేదు. "ఆ మనుష్యుడవు నీవే." దేవుడు దావీదును క్షమించాడు. అయినా వెయ్యేళ్ల తరువాత మత్తయి ప్రభువు వంశావళి రాస్తూ, "ఊరియా భార్యగానుండిన ఆమెయందు" అని రాశాడు. బత్షెబ అని రాస్తే సరిపోయేది. ఊరియా పేరును ఆ పట్టికలో నుండి తీయలేదు.

క్షమించవలసినవారి గురించి రెండు మాటలు చెప్పి నా కథకు వస్తాను. ఎన్నిసార్లు క్షమించాలని అడిగిన పేతురుకు ప్రభువు చెప్పిన లెక్క "డెబ్బది ఏళ్ల మారులమట్టుకు" అని ఉంటుంది. ఒక పిల్లవాడు నన్ను అడిగాడు, డెబ్బై సంవత్సరాలు క్షమించాలా మాస్టారూ అని. ఎక్కములలో ఏడేళ్లు నలభైతొమ్మిది అంటాము చూడండి, ఆ ఏళ్లు ఇవి, డెబ్బై ఏడులు, 490. ఆ వెంటనే ప్రభువు చెప్పిన కథలో ఒకడు పదివేల తలాంతులు బాకీ. ఒక తలాంతుకు ఆరువేల దేనారములు, ఒక దేనారము ఒక రోజు కూలి. మొత్తం ఆరు కోట్ల రోజుల కూలి. సంవత్సరానికి మూడు వందల రోజులు పనిచేసినా రెండు లక్షల సంవత్సరాలు. ఆ బాకీ మాఫీ అయినవాడు నూరు దేనారముల కోసం తోటివాని గొంతు పట్టుకొన్నాడు. ప్రసంగీకులు ఆ నూరు దేనారములను చిల్లర అంటారు. నేను ఒప్పుకోను. నూరు దేనారములు అంటే నూరు రోజుల కూలి. 2005 ఉపాధి హామీ చట్టం ఒక ఇంటికి ఏడాదికి ఇచ్చిన పని వంద రోజులు. ములుగు దగ్గరో, పరకాల దగ్గరో తట్ట మోసిన తల్లిని అడగండి, అది చిల్లరా అని. క్షమించేవాడు పోగొట్టుకొనేది నిజమైన సొమ్ము. అందుకే దెబ్బ తిన్నవారి మీద పడి "క్షమించమ్మా, క్షమించకపోతే నీకు పరలోకం లేదు" అని తొందరపెట్టే హక్కు, దెబ్బ కొట్టినవానికి గాని వాని తరఫున వచ్చిన పెద్దమనుష్యులకు గాని లేదు. లూకా 17లో ప్రభువు "అతని గద్దించుము" అని కూడా అన్నాడు, ముందు అదే అన్నాడు.

ఇక నా సంగతి. 1984లో నాకు ఉద్యోగం లేదు. మన వైపే ఒక మార్కెట్టులో, ఒక అడ్తి దుకాణంలో, అంటే రైతుల పంటను కమీషనుకు అమ్మిపెట్టే చోట, గుమాస్తాగా చేరాను. ఏ మార్కెట్టో, ఎవరి దుకాణమో చెప్పను, ఆ చేతిరాత నాది కాబట్టి నా మాట నేను చెబుతాను. కాంటా దగ్గర తూకం వేసే దడ్వాయి బరువు కేక వేస్తాడు, గుమాస్తా దానిని రైతుకిచ్చే లెక్క చీటీ, తక్‌పట్టీ మీద రాస్తాడు. అతడు 41 అంటే నేను 39 అని రాసేవాడిని. సంచి బరువు, తేమ అని చెప్పి తీసే తరుగు కాక, ఇది దానిమీద ఇంకొకటి. ఒకరోజు ములుగు వైపు నుండి ఒక ముసలాయన పన్నెండు బస్తాల మిర్చి తెచ్చాడు. బస్తాకు రెండు కిలోలు, మొత్తం 24 కిలోలు. ఆయనకు చదువు రాదు, కాని లెక్క వచ్చును. "బిడ్డా, ఇంటికాడ తూకమేసుకొనే తెచ్చినం. గిక్కడ తక్కువెట్ల వచ్చింది?" అన్నాడు. నేను తల ఎత్తకుండానే, "మీ ఇంటికాడి తక్కెడ తప్పు తూగుతుండొచ్చు తాతా" అన్నాను. ఆయన ఇంకేమీ అనలేదు. కాగితం మడిచి రుమాలులో పెట్టుకొని పోయాడు.

తరువాత నాకు మాస్టరు ఉద్యోగం వచ్చింది, రక్షణానుభవం అన్నాను, బాప్తిస్మం తీసుకొన్నాను. ఆ రుమాలు మాత్రం కళ్ల ముందు నుండి పోలేదు. రాత్రులు ఏడ్చి ప్రార్థించాను. 1991లో, ఇటువంటి దినాలలోనే, మా వృద్ధ పాస్టరయ్యతో చెప్పాను. ఆయన వాక్యం చెప్పలేదు, ప్రార్థన చేయలేదు. "ఆ ముసలాయనది ఏ ఊరు?" అని ఒక్క మాట అడిగాడు. ఊరు తక్‌పట్టీ మీద రాసింది నేనే, నాకు తెలుసు. "మరి ఇక్కడెందుకున్నవ్?" అన్నాడు.

24ను నాలుగుతో గుణించి, 96 కిలోల మిర్చికి ధర కట్టి, డబ్బు కవరులో పెట్టుకొని బస్సు ఎక్కాను. నిజం చెబుతున్నాను, దారిపొడుగునా ఆ లెక్క చూసుకొని నాలో నేను మురిసిపోయాను, జక్కయ్యను కదా నేను. ఆ ఇంటికి వెళ్తే ముసలాయన చనిపోయి రెండేళ్లయింది. ఆయన కోడలు అరుగు మీద మిర్చికి తొడిమలు తీస్తున్నది. నేను చెప్పవలసినది చెప్పి కవరు చాచాను. ఆమె చెయ్యి చాచలేదు. చాలాసేపు నన్నే చూసింది.

"ఇంటికాడ తూకమేసింది నేనే అన్నా" అన్నది. "మా మామ ఆనాడు అచ్చి, మన తక్కెడ తప్పట అన్నడు. మా అత్తేమో తక్కెడ తప్పెట్లయితది, 24 కిలోలు నేను తల్లిగారింటికి పంపిన్నని పట్టుకున్నది. ఏడేండ్లాయె. గప్పటి సంది నన్ను తక్కెడ ముట్టనియ్యలే."

అయ్యలారా, నా 96లో ఈమె లేదు. ఆమె పేరు కూడా నాకు తెలియదు. నేను బాకీ పడినది ఒక ముసలాయనకు, 24 కిలోలు, అనుకొన్నాను. కాంటా దగ్గర తల ఎత్తకుండా అన్న ఒక్క మాట, నేను చూడని ఇంట్లో ఏడేళ్లు తిరిగింది.

నన్ను క్షమించు చెల్లె అన్నాను. ఆమె క్షమించాననలేదు, క్షమించననీ అనలేదు. "పైసలు పక్కకు వెట్టు. గీ ముచ్చట మా అత్తకు చెప్పు" అని లేచి లోపలికి నడిచింది. నేను వెనకాలే పోయాను. నులక మంచం మీద ముసలమ్మ కూర్చొని ఉన్నది. నేను మంచం ముందు కూర్చొని చెప్పాను. ముసలమ్మ కోడలి వైపు తిరిగి, "ఏమంటుండే?" అన్నది. ఆమెకు చెవులు సరిగా వినబడవు. కోడలు ఏమీ చెప్పలేదు, గోడకు ఆనుకొని నిలబడింది. నేను ఇంకొంచెం గట్టిగా చెప్పాను. ముసలమ్మ చెవి దగ్గర చెయ్యి పెట్టుకొని, "ఆఁ?" అన్నది. మూడవసారి గొంతెత్తి అరిచి చెప్పాను, తక్కెడ మంచిదే అవ్వా, నీ కోడలు తూకం సరిగ్గనే వేసింది, దొంగ రాత రాసింది నేనే అని. బయట బోరింగు దగ్గర నీళ్లు కొట్టే చప్పుడు ఆగిపోయింది, వాడకట్టంతా విన్నది.